తిరుపతిలో ఫుడ్ ట్రక్కు పెట్టాలంటే: బండి ముందా, చోటు ముందా?

పులిబొంగరం:
అన్నలకూ అక్కలకూ నమస్కారం. సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ తీసుకుని వెనక బాడీ కట్టించి దోశలు, పులిబొంగరాలు, మిరపకాయ బజ్జీలు వేద్దామని ఆలోచన. సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా. చోటు ఎయిర్ బైపాస్ రోడ్డు అనుకుంటున్నా, కుదరకపోతే బాలాజీ కాలనీ వైపు. ఒక్కొక్కరు ఒక్కో కాగితం పేరు చెప్తున్నారు. ట్రేడ్ లైసెన్సంటారు, ఫుడ్ లైసెన్సంటారు, ఇంకొకరు ఇవేవీ అక్కర్లేదు ఆశీలు కడితే చాలంటారు. ఏది ముందు, ఏది తర్వాత? షెడ్డులో అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.

సచివాలయం పక్కన:
అడ్వాన్సు ఇవ్వకపోవడం మంచిదైంది. చోటు తేలేదాకా ఇవ్వొద్దు.

"ఫుడ్ ట్రక్కు లైసెన్సు" అని విడిగా ఒక కాగితం లేదు. బండిని రవాణా శాఖ చూస్తుంది, తిండిని ఆహార భద్రత వాళ్లు చూస్తారు, నిలబడే చోటు కార్పొరేషన్‌ది. మొదటి రెండూ పద్ధతిగా అప్లై చేస్తే వస్తాయి. మూడోదే నెలల తరబడి తేలదు. అందరూ మాత్రం బండి కట్టించుకుని వచ్చి, అప్పుడు చోటు కోసం తిరగడం మొదలుపెడతారు. అప్పటికి లక్షలు రోడ్డు పక్కన నిలబడి ఉంటాయి.

చోటు విషయంలో ముందు అడగాల్సింది, ఆ రోడ్డు ఎవరిది అని. తిరుపతిలో ఇది ఇంకా ముఖ్యం. కార్పొరేషన్ రోడ్డు అయితే దారి సులువు. ఆర్ అండ్ బీ రోడ్డో జాతీయ రహదారో అయితే ఇంకో శాఖ మాట కూడా కావాలి. రైల్వే స్టేషన్ ముందు రైల్వే స్థలంలో అయితే 2014 వీధి విక్రయదారుల చట్టమే వర్తించదు, రైల్వే భూములను చట్టం మొదటి సెక్షన్‌లోనే మినహాయించారు. అలిపిరి దాటి కొండమీద టీటీడీ పరిధి, అక్కడ కార్పొరేషన్ కాగితం పనికిరాదు. ఊరి శివార్లలో ఒకే రోడ్డు ఇటు పక్క కార్పొరేషన్, అటు పక్క పంచాయతీ అయిన చోట్లు కూడా ఉంటాయి.

కాబట్టి మీరనుకున్న చోటును గూగుల్ మ్యాపులో గుర్తు పెట్టి, ప్రింటు తీసుకుని, ఆ వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి దగ్గరకు వెళ్లండి. రెండే అడగండి. ఈ రోడ్డు మనదేనా? ఇది విక్రయాలకు అనుమతి ఉన్న జోనా, షరతులతో ఉన్నదా, నిషేధమా? వాడుకలో వీటినే గ్రీన్, అంబర్, రెడ్ అంటారు. అంబర్ అంటే వేళలు, రోజులు, సరుకు మీద పరిమితి ఉంటుంది. ఆ పరిమితులు నోటితో కాకుండా కాగితం మీద తీసుకోండి.

రాగిసంకటి:
ఆశీలు సంగతి కూడా చెప్పండన్నా. కొత్తవాళ్లు మోసపోయేది అక్కడే.

సచివాలయం పక్కన:
ఆశీలు అంటే ఆ రోజుకు ఆ జాగా వాడుకున్నందుకు కట్టే రుసుము. వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు వసూలు చేస్తాడు. అది కట్టినంత మాత్రాన ఆ చోటు మీకు రాసిచ్చినట్టు కాదు. వెండింగ్ సర్టిఫికెట్‌కు, అంటే 2014 చట్టం కింద వీధిలో అమ్ముకోవడానికి ఇచ్చే అనుమతి కాగితానికి, అది ప్రత్యామ్నాయం కాదు. అయినా రశీదు మాత్రం రోజూ అడిగి తీసుకోండి, తేదీ ఉన్నది, పారేయకండి. తర్వాత వీధి విక్రయదారుల సర్వే వచ్చినప్పుడు ఫలానా కాలం నుంచి ఇక్కడే అమ్ముతున్నామని చూపడానికి ఒక ఆధారం అవుతుంది. రశీదు ఇవ్వని వసూలుకు ఏ విలువా లేదు.

షెడ్డులో వెల్డింగు:
బండి సంగతి నేను చెప్తా ఉండా. చోటు తేలినంక చదువుకోండి.

టాటా ఏస్ మోడల్‌ని బట్టి 700, 750 కిలోల మధ్య బరువు మోస్తాది. ఇప్పుడు లెక్కేయండి. చదరపు పైపుల ఫ్రేము, లోపల స్టెయిన్‌లెస్ రేకు, కప్పు, మడత కౌంటరు, అన్నీ కలిపి 300 కిలోలు. దోశ పలక 3 అడుగులకు 2 అడుగులు, 12 ఎంఎం మందం అయితే అదొక్కటే 52 కిలోలు. స్టవ్వు 30. నిండు 19 కిలోల సిలిండర్లు రెండు, ఇనుముతో కలిపి 70. నీళ్లు 100 లీటర్లు అంటే 100 కిలోలు. బ్యాటరీ, ఇన్వర్టరు 65. చిన్న ఫ్రిజ్జు 40. పిండి, నూనె, సరుకులు 80. మొత్తం 737. ఇంకా పాత్రలు, ప్లేట్లు, చెత్త డబ్బాలు ఎక్కియ్యలేదు. ఈ లెక్క చూడకుండా అందంగా ఉంటాదని మందం రేకు కొట్టిస్తారు. ఆర్నెల్లకు వెనక స్ప్రింగు పట్టీలు కూర్చుంటాయి, బ్రేకు వేస్తే బండి ఆగదు. రేకు పల్చన చెయ్యండి, ఫ్రేములో క్రాస్ జాయింట్లు ఎక్కువ పెట్టండి, పలక మాత్రం తగ్గించొద్దు. పల్చటి పలక మీద నాలుగో దోశకే వేడి పడిపోతాది.

రెండోది పొడుగు. వెనక చక్రం ఇరుసు దాటి బయటికొచ్చే భాగం చక్రాల మధ్య దూరంలో 60 శాతం దాటకూడదని మోటారు వాహనాల రూల్సులో ఉంది, రూల్ 93. ఏస్‌కు చక్రాల మధ్య దూరం 2100 మిల్లీమీటర్లు, అంటే వెనక 1260 దాకే. మనిషి నిలబడడానికి వెనక ఇంకో అడుగున్నర ప్లాట్‌ఫారం అతికిస్తే ఫిట్‌నెస్‌లో ఆపేస్తారు.

మూడోది కాగితం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా మార్పు చేయాలంటే ముందు అనుమతి కావాల. మార్పు చేసినంక 14 రోజుల్లో ఆర్సీతో సహా తెలపాల. ఫైనాన్సు ఉన్న బండి అయితే వాళ్ల రాతపూర్వక ఒప్పుదల లేకుండా ఈ పని మొదలే కాదు. చెప్పకుండా మార్చేస్తే 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆర్నెల్ల దాకా జైలుకు కూడా వీలుంది. రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో "మొబైల్ క్యాంటీన్" అని విడిగా ఒక తరగతే ఉంది. గూడ్సు బండిగా ఉన్నదాన్ని ఆ తరగతికి మార్పించుకునేది మేలు. ముందు ఆర్టీఓ ఆఫీసులో ఇన్‌స్పెక్టరుకు డ్రాయింగు చూపించండి, ఆయన ఒప్పుకున్న కొలతలే షెడ్డుకు ఇవ్వండి.

పులిబొంగరం:
లైట్ మోటారు లైసెన్సు సరిపోతుందా, బ్యాడ్జి కావాలా?

షెడ్డులో వెల్డింగు:
7,500 కిలోల లోపు బండికి ఎల్ఎంవీ చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. 3,000 కిలోల లోపు గూడ్సు బండికి పర్మిటు కూడా అక్కర్లేదు. ఫిట్‌నెస్ మాత్రం తప్పదు. 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు అందుకే తయారైన సంవత్సరం చూడమనేది. ఇన్సూరెన్సు వాళ్లకు బండిలో గ్యాస్ స్టవ్వు ఉంటాదని రాతలో చెప్పి పాలసీలో ఎక్కించుకోండి. దాచిపెడితే కాలిపోయిన రోజు పాలసీ చేతిలో ఉండి కూడా రూపాయి రాదు.

రాగిసంకటి:
ఇక్కడ ఒక అనుమానం. మోటారు బండికి అసలు వెండింగ్ సర్టిఫికెట్ ఇస్తారా? 2014 చట్టం తోపుడు బండి, గంప, పేవ్‌మెంటు మీద కూర్చునేవాళ్ల కోసం వచ్చింది. ట్రక్కు పెట్టేవాడు పెట్టుబడిదారు. పేదవాడి జాగాలో వీళ్లొచ్చి చేరితే చట్టం విక్రయదారులకు పెట్టిన 2.5 శాతం పరిమితిలో ఎవరి వంతు తగ్గుతుంది?

సచివాలయం పక్కన:
సరైన ప్రశ్న. దీనికి నా సమాధానం కొందరికి నచ్చకపోవచ్చు.

చట్టం బండి రకాన్ని చూడదు, మనిషిని చూస్తుంది. వీధిలోనో, బహిరంగ స్థలంలోనో, ప్రైవేటు జాగాలోనో తాత్కాలిక కట్టడం నుంచి గానీ తిరుగుతూ గానీ అమ్మేవారు వీధి విక్రయదారు. సర్టిఫికెట్‌లో ఒకేచోట అమ్మేవారు, తిరిగి అమ్మేవారు అని వేర్వేరు తరగతులున్నాయి. ఆ మాటల్లో ట్రక్కుకు అడ్డేమీ లేదు. అడ్డు సెక్షన్ 5లో ఉంది. తానే గానీ కుటుంబ సభ్యులు గానీ నడపాలి, వేరే జీవనాధారం ఉండకూడదు, సర్టిఫికెట్‌ను అద్దెతో సహా ఏ రూపంలోనూ ఇంకొకరికి ఇవ్వకూడదు. ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరు వంట మాస్టర్లను పెట్టి ట్రక్కు నడిపేవారు ఈ షరతుకు నిలబడరు. మొగుడూ పెళ్లాం కలిసి నడుపుకునే ట్రక్కు నిలబడుతుంది.

2.5 శాతం అంటే ఆ వార్డు లేదా పట్టణ జనాభాలో అంతమంది విక్రయదారులకు మించకుండా చోటు చూపాలనే కొలత. సర్వే అయిదేళ్లకోసారి. రెండు సర్వేల మధ్యలో కొత్తవాళ్లు వస్తే, జోన్‌లో ఖాళీ ఉంటే టౌన్ వెండింగ్ కమిటీ సర్టిఫికెట్ ఇవ్వవచ్చని సెక్షన్ 4లో ఉంది. పులిబొంగరం గారికి పనికొచ్చేది ఈ వాక్యమే. దరఖాస్తులో ఆ సెక్షన్ పేరు రాయండి. కమిటీకి కమిషనరు అధ్యక్షులు, సభ్యుల్లో కనీసం 40 శాతం విక్రయదారులే ఎన్నికై ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు. మీరనుకున్న వీధిలో ఇప్పటికే అమ్ముకునేవాళ్లను కాదని ఆ కమిటీలో మీ దరఖాస్తు నెగ్గదు. ముందు వాళ్లతో మాట్లాడండి. వాళ్లు ఇడ్లీ అమ్ముతుంటే మీరు ఇడ్లీ పెట్టకండి.

ఫైలు పని మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా నడుస్తుంది. పట్టణంలో విక్రయదారుల గుర్తింపు కార్డులు, వీధి విక్రయదారులకిచ్చే కేంద్ర పథకం స్వనిధి రుణాలు చూసేది వాళ్లే. స్వనిధిలో 2025లో మార్చిన మొత్తాలు 15,000, 25,000, 50,000, వరుసగా ఒకటి తీరిస్తే ఇంకోటి. ట్రక్కుకు చాలదు గానీ గ్యాస్, సరుకు, పాత్రలకు చాలు.

రాగిసంకటి:
అయితే ఇంకో మాట. ఒకేచోట 4 నుంచి 10 దాకా నిలబడే వ్యాపారానికి ఇంజను ఎందుకు? అదే కౌంటరు, అదే పలక, నాలుగు చక్రాల తోపుడు బండి మీద కట్టిస్తే సెక్షన్ 52 లేదు, ఫిట్‌నెస్ లేదు, ఇన్సూరెన్సులో దాపరికం లేదు. సర్టిఫికెట్ కూడా తేలిగ్గా వస్తుంది. రాత్రికి దగ్గర్లో ఎవరి కాంపౌండులోనో పెట్టుకుంటే సరి. రోజుకు రెండు మూడు చోట్లు తిరిగేవాళ్లకూ, పెళ్లిళ్లూ కాలేజీ కార్యక్రమాలూ పట్టుకునేవాళ్లకూ మాత్రమే ట్రక్కు గిట్టుతుంది.

సచివాలయం పక్కన:
నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా.

తూకంరాయి:
తిండి కాగితం గురించి. ఆహార భద్రత వాళ్ల (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఫాస్కాస్ పోర్టల్‌లో అప్లై చేయాలి. 2011 నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలకు రిజిస్ట్రేషన్, ఆపైన లైసెన్సు అని గీత పెట్టారు. ఈ గీతను సవరిస్తూ ఉంటారు కాబట్టి అప్లై చేసే రోజు పోర్టల్‌లో ఏముందో అదే చూడండి. వ్యాపార రకం దగ్గర చాలామంది రెస్టారెంటు అని కొట్టేస్తారు. తిరిగే బండికి హాకర్, అంటే మొబైల్ ఫుడ్ వెండర్ అన్న వరస ఉంది, అది ఎంచుకోండి. పిండి రుబ్బేది, చట్నీ చేసేది ఇంట్లో అయితే ఆ ఇంటి చిరునామా కూడా ఆహారం తయారయ్యే చోటే, దాన్ని దాచకండి. తనిఖీకి వచ్చేది అక్కడికే.

14 అంకెల నంబరు వచ్చాక బండి మీద కనపడేలా పెట్టాలి. వంట చేసేవారికి, వడ్డించేవారికి ఏటా వైద్య పరీక్ష సర్టిఫికెట్ ఉండాలి. అది బండిలోనే ఒక కవరులో పెట్టుకోండి, ఇంట్లో ఉందంటే లెక్కలోకి రాదు.

తనిఖీలో పట్టుబడేవి ఎప్పుడూ అవే. మొదటిది నూనె. కాగిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె పదేపదే కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటకూడదని 2018 జులై నుంచి అమల్లో ఉంది. మీటరు లేకపోయినా గుర్తుపట్టొచ్చు. బజ్జీ వేయగానే నురగ పైకి లేచి అణగకపోయినా, మామూలుకంటే ముందే పొగ వచ్చినా, చల్లారాక వేళ్లకు జిగురు తగిలినా ఆ నూనె అయిపోయినట్టే. పాత నూనెలో కొత్త నూనె కలిపితే కొత్తది కూడా త్వరగా చెడిపోతుంది. నూనె చెడిపోవడానికి పిండి తునకలు అడుగున మాడి నల్లబడటం పెద్ద కారణం. ప్రతి వాయికీ జల్లి గరిటెతో తీసేయండి, రాత్రి మూసేముందు గుడ్డలో వడకట్టండి.

రెండోది కొబ్బరి చట్నీ. తిరుపతి ఎండల్లో మధ్యాహ్నం రుబ్బిన చట్నీ రాత్రి 8కి పులుస్తుంది. రెండు విడతలుగా తెప్పించుకోండి, రెండో విడత ఐసు డబ్బాలో 5 డిగ్రీల లోపు ఉండాలి. సాంబారు 60 డిగ్రీల పైన ఉండాలి. మధ్యలో గోరువెచ్చగా ఉన్నదే ప్రమాదం.

మూడోది, బజ్జీలు వార్తాపత్రికలో కట్టివ్వడం. 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో నిషేధం. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు కూడా నిషేధం. క్యారీ బ్యాగు 120 మైక్రాన్లు ఉండాలి. అరిటాకు, విస్తరాకు వాడండి. కొండకు పోయేవాళ్లు పార్శిల్ అడిగితే ఇది ఇంకా గుర్తుంచుకోవాలి, అలిపిరి తనిఖీలో ప్లాస్టిక్ పట్టుకుంటారు.

అలిపిరి మలుపు:
బండి ఎత్తుకెళ్లినప్పుడు ఏం చేయాలో ఇక్కడ ఎవరూ రాయలేదు. ముందుగా ఎవరు ఎత్తారో చూడండి, దారులు వేరు.

కార్పొరేషన్ వాళ్లు సరుకు జప్తు చేస్తే 2014 చట్టం సెక్షన్ 19. జప్తు చేసిన వస్తువుల జాబితా రాసి, సంతకం పెట్టి మీకివ్వాలి. అడగండి, అడగడం మీ హక్కు. రుసుము కట్టి అడిగితే పాడయ్యే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో ఇవ్వాలి. చోటు మార్చాలన్నా, ఖాళీ చేయించాలన్నా సెక్షన్ 18 కింద 30 రోజుల నోటీసు. ఆ గడువు దాటినా కదలకపోతే రోజుకు 250 దాకా జరిమానా వేయొచ్చు. షరతులు తప్పితే సెక్షన్ 28 కింద 2,000 దాకా. సర్టిఫికెట్ షరతుల ప్రకారం అమ్ముతున్నవాళ్లను పోలీసులు కూడా ఆపకూడదని సెక్షన్ 27 చెబుతుంది.

ట్రాఫిక్ పోలీసులు బండిని లాక్కెళ్తే ఇవేవీ పనిచేయవు. అది మోటారు వాహనాల చట్టం. రాకపోకలకు అడ్డంగా నిలిపినందుకు సెక్షన్ 201, దానిమీద టోయింగు ఖర్చు. వెండింగ్ సర్టిఫికెట్ చూపించినా "బండి ఎక్కడ నిలిపారు" అనేదే వాళ్ల ప్రశ్న. ట్రక్కుకు ఉన్న అసలు ఇబ్బంది ఇదే, అది ఒకేసారి దుకాణమూ వాహనమూ. అందుకని సర్టిఫికెట్ వచ్చాక దాని నకలు జతచేసి ట్రాఫిక్ డీఎస్పీ ఆఫీసులో, ఫలానా కొలతల చోటులో, ఫలానా వేళల్లో నిలుపుతామని ఒక అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి.

బ్రహ్మోత్సవాలు, గంగమ్మ జాతర, వీఐపీల రాక ఉన్న రోజుల్లో తొలగమంటే తొలగండి. ఆ ఒక్కరోజు వాదించి సంపాదించేది ఏమీ లేదు, ఏడాదంతా అక్కడే ఉండాల్సినవాళ్లు మీరు.

చిత్తూరు కలెక్టరేట్ వీధి:
మా చిత్తూరు కార్పొరేషన్‌లోనూ చట్టం ఇదే. కాకపోతే ఇక్కడ అందరి కన్నూ హైవే మీద ఉంటుంది. జాతీయ రహదారి సరిహద్దులో బండి పెడితే 2002 నాటి హైవే భూముల చట్టం కింద తొలగిస్తారు, అది ఆక్రమణ లెక్క. హైవేకు ఆనుకుని ఉన్న ప్రైవేటు ఖాళీ జాగా అద్దెకు తీసుకుని, దారి ఇవ్వడానికి అనుమతి ఉందో లేదో చూసుకోండి. అద్దె ఒప్పందంలో యజమాని పన్ను అసెస్‌మెంటు నంబరు రాయించుకోండి, ట్రేడ్ లైసెన్సుకు అడుగుతారు. ఆ లైసెన్సు సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, కాబట్టి ఫిబ్రవరిలో తీసుకుంటే రెండు నెలలకే మళ్లీ కట్టాలి.

పులిబొంగరం:
అందరికీ చాలా థ్యాంక్స్. ముందు చోటు, రాగిసంకటి అన్న చెప్పినట్టు తోపుడు బండి కొలతల్లోనే కట్టిస్తా. రెండు చిన్న అనుమానాలు. ఇంట్లో సిలిండరు రెండోది ఖాళీగా ఉంది, మొదట్లో అది వాడొచ్చా? కౌంటరు ఏ వైపు?

షెడ్డులో వెల్డింగు:
14.2 కిలోల ఇంటి సిలిండరు వ్యాపారానికి వాడకూడదు, పట్టుకుంటే సిలిండరు పోతాది, కేసు కూడా. 19 కిలోలదే తీసుకోండి. నిలువుగానే ఉండాల, గొలుసు కట్టాల. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగి నేలమీద పేరుకుంటాది. అందుకని సిలిండరు పెట్టే అర అడుగు భాగంలో జాలీ పెట్టించండి, పైన మాత్రమే పెడితే ఉపయోగం లేదు. గొట్టం నారింజ రంగు సురక్షా గొట్టం, మీటరున్నరకు మించకుండా, అయిదేళ్లకు మార్చండి. సిలిండరు మార్చిన ప్రతిసారీ సబ్బునురగ పూసి బుడగ చూడండి, అగ్గిపుల్లతో చూడొద్దు. నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. స్టవ్వు కట్టేసి బూరెలమూకుడుకు సరిపోయే మూత బోర్లించండి. ఆ మూత చేతికందే కొక్కేనికి తగిలించి ఉండాల.

కౌంటరు ఎడమ వైపు. మన రోడ్లమీద బండి ఎడమ అంచున నిలబడతాది, కుడివైపు తెరిస్తే ప్లేటు పట్టుకున్నోళ్లు రోడ్డు మీద నిలబడి తింటారు.

తూకంరాయి:
చేతులు కడిగిన నీళ్లకు కూడా చోటు చూడండి. మంచినీళ్ల డబ్బా కంటే వాడిన నీళ్ల డబ్బా పెద్దదిగా ఉండాలి, కుళాయి కింద జల్లెడ పెట్టండి. నూనె నీళ్లు వాన కాలువలోకి వదిలితే పక్క దుకాణాల వాళ్లే ముందు ఫిర్యాదు చేస్తారు. తడి చెత్తకు, పొడి చెత్తకు వేరువేరు డబ్బాలు, తినేవాళ్లకు అందే ఎత్తులో.